పొద్దుగూకు పిలుపు

మణెమ్మకు రాని విద్య ఒక్కటే మిగిలింది. పిల్లల చేత పలక మీద అక్షరాలు దిద్దించడం వచ్చు, ఎక్కాలు వల్లె వేయించడం వచ్చు. ఈనలేక అల్లాడిపోతున్న ఆవు కడుపులోకి చెయ్యి పోనిచ్చి అడ్డం తిరిగిన దూడను సరిచేయడం వచ్చు. తొలకరికి ఏ వాలులో గడ్డి ముందు లేస్తుందో, ఎండాకాలం ఏ బండ కింద నీటి చెమ్మ దాగుంటుందో అదీ తెలుసు. పొద్దుగూకే వేళ మందను పిలవడం మాత్రం ఎంతకీ పట్టుబడలేదు.

ఆమె గొంతెత్తితే ఆవులు తలలెత్తి, ఎవరో అనుకున్నాం నువ్వేనా అన్నట్టు చూసి, మళ్ళీ గడ్డిలో మూతులు పెట్టేవి. వెనక పిల్లలు కిసుక్కుమనేవాళ్ళు. మణెమ్మ ముఖం కందగడ్డ అయ్యేది. అప్పుడు ఈదమ్మ పంతులమ్మ చేతికర్ర మీద గడ్డం ఆనించి, కూర్చున్న చోటి నుంచే ఒకసారి పిలిచేది. వాలంతా కదిలి వచ్చేది.

మణెమ్మకు ఏడుపొచ్చేది. రాదూ మరి. ఈ ఊళ్ళోనే పుట్టి, ఈ పంతులమ్మ దగ్గరే ఓనమాలు నేర్చి, అచ్చంపేట పోయి పంతులమ్మ చదువు కూడా చదివి, తిరిగి తిరిగి ఇక్కడికే వచ్చింది. ఈదమ్మ తర్వాత ఈ బడి, ఈ మంద నావే అని ఊళ్ళో అందరి ముందూ చెప్పుకుంది కూడా. మంద తన మాట వినకపోతే ఆ చెప్పుకున్నదంతా ఏట్లో కలిసినట్టే కదా.

ఆ ఊరి పేరు దొడ్డిపెంట. నల్లమల అడవి అంచున, గొడ్లు కట్టేసుకున్న చోటే మనుషులు కూడా గుడిసెలు వేసుకుని ఉండిపోతే దాన్ని పెంట అంటారు. అక్కడ గొడ్లు ముందు, మనుషులు తర్వాత.

ఈదమ్మ ఆ ఊరికి కోడలిగా వచ్చింది. మేనమామ ఇంట్లో ఉండి ఏడో తరగతి దాకా చదివిన పిల్ల. వచ్చిన కొన్నాళ్ళకే మొగుడు పాము కరిచి పోయాడు. నాలుగు ఆవులూ ఒక గిత్తా మిగిలాయి. పుట్టింటివాళ్ళు వచ్చి రమ్మంటే, ఇవి ఎవరి మొహం చూసి బతకాలె అని అడిగింది. వాళ్ళు వచ్చిన దారినే వెళ్ళిపోయారు.

అప్పట్లో సర్కారు ఆ పెంటకు ఒక బడి ఇచ్చింది. బడికి పంతుళ్ళు వచ్చేవాళ్ళు, పులి గాండ్రింపు విన్న మర్నాడే మూట సర్దుకుని వెళ్ళిపోయేవాళ్ళు. చివరికి విసిగిపోయి, చదువొచ్చిన మనిషి ఊళ్ళోనే ఉంది కదా అని ఈదమ్మకే ఆ పని ఇచ్చారు. బడి ఉంది, పంతులమ్మ ఉంది, పిల్లలే లేరు. పిల్లలంతా గొడ్ల వెంట అడవిలో ఉండేవాళ్ళు మరి.

ఈదమ్మ ఇల్లిల్లూ తిరిగింది. "మీ గొడ్లను నేను కాస్త. మీ పిల్లగాండ్లను నా ఎన్క తోలుండ్రి" అన్నది. గొడ్లు కాసేదానికి బడేంది, బడి చెప్పేదానికి గొడ్లేంది అని అరుగుల మీద మగవాళ్ళు పగలబడి నవ్వారు. నవ్వుతూనే గొడ్లను తోలారు. గొడ్ల వెనక పిల్లలూ వచ్చారు.

ఆనాటి నుంచి ఆ బడికి గోడలు లేవు. మంద ఎటు మేస్తే బడి అటు నడిచేది. పలకల సంచి ముసలి గిత్త వీపు మీద ఊగుతూ పోయేది. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి బడి ఎక్కడుందో తెలియక పొద్దంతా అడవిలో తిరిగి, చివరికి పన్నెండో ఎక్కం వినబడిన దిక్కుగా నడిచి వచ్చాడట. చుట్టూ ఆవులు నెమరు వేస్తుంటే నడుమ పిల్లలు కూర్చుని చదువుతున్నారట. ఆయన ఒక రాయి మీద కూలబడి, మంచినీళ్ళడిగి తాగి, చాలాసేపు వింటూ ఉండిపోయాడట. పైకి ఏం రాసి పంపాడో గానీ బడి మూతపడలేదు.

నాలుగు ఆవులు మందయ్యాయి. ఆ పిల్లలకు పిల్లలు పుట్టి వాళ్ళూ పలకలు పట్టుకుని వచ్చారు. సర్కారు ఈదమ్మను వయసైపోయిందని ఇంటికి పంపింది. ఆమె మర్నాడు కూడా ఎప్పటిలాగే మందను విప్పుకుని అడవి దారి పట్టింది. ఏ ఇల్లని పోవాలె అని అడిగితే సర్కారు మాత్రం ఏం చెబుతుంది. వెన్ను వంగి, పళ్ళు ఊడి, చూపు మసకబారాక కూడా పిలుపు మాత్రం ఒక్క పిసరు తగ్గలేదు.

ఆ పిలుపులో మాటలుండవు. సన్నగా లేచి, నడుమ బరువెక్కి, చివర చటుక్కున తెగిపోతుంది. అది వినగానే వాలులో చెదిరిన గొడ్లూ, చెట్ల మీదికెక్కిన పిల్లలూ ఒక్కసారే వచ్చేవాళ్ళు. ఒక్కో పిల్ల తన ఇంటి ఆవు తోక పట్టుకునేది. ఆవు ఇంటికి నడిచేది, వెనకే పిల్ల. పిల్లల కోసం గుమ్మంలో నిలబడి దిగులుపడిన తల్లి ఆ పెంటలో లేదు.

మణెమ్మ ఆ పిలుపు నేర్పమని ఎన్నోసార్లు అడిగింది. "అది నేర్పేది గాదు బిడ్డా" అనేది ఈదమ్మ. ఒక్క కట్టుబాటు మాత్రం చెప్పింది. "ముందర మంద లేకుంట పిలుపు ఎత్తొద్దు."

"ఏంటికి పంతులమ్మా?"

"పిలిస్తే వచ్చేటోళ్ళు ఉండాలె. లేకుంటే ఎవ్వరో ఒకరు వస్తరు."

మణెమ్మ సరేనని తలూపింది. పట్నంలో చదివొచ్చిన పిల్ల కదా, తలూపి లోపల నవ్వుకుంది.

మంద మేసే వాలుకు దిగువన గుడ్డిలోయ అని ఒకటుంది. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ వెలుతురు అడుగుకు దిగదు. గడ్డి మోకాలెత్తు ఉన్నా గొడ్లు అటు పోవు. మనుషులు పోరు కాబట్టి సిగ్గుపడాల్సిన పని లేదనుకుని మణెమ్మ ఆ చోటే ఎంచుకుంది. చెట్ల బంక ఏరుకొస్తానని చెప్పి పోయేది. ఎదురు బండ వైపు తిరిగి పంతులమ్మ పిలుపు పిలిచేది. బండ దాన్ని తిప్పి పంపేది. తప్పెక్కడో విని సరిచేసుకుని మళ్ళీ పిలిచేది. అలా ఒక చలికాలమంతా సాగింది.

ఒకరోజు ఎప్పటిలాగే పిలిచింది. చివర తెగాల్సిన చోట గొంతు జారిపోయింది, తనకే తెలిసింది. కాసేపటికి బండ నుంచి పిలుపు తిరిగొచ్చింది. అందులో చివర సరిగ్గా తెగింది.

ఇంకొకరైతే పరుగెత్తుకుని ఇంటికి పోయేవాళ్ళు. మణెమ్మకు భయం వేయలేదు, సంతోషం వేసింది. ఇన్నాళ్ళూ దొరకని కిటుకు దొరికినట్టయింది. అది ఎలా పలికిందో అలాగే పలికింది. మళ్ళీ మళ్ళీ పలికింది. లోయ నుంచి బయటికొచ్చేసరికి పిలుపు ఆమె గొంతులో కుదురుగా కూర్చుంది.

ఆ సాయంత్రం ఈదమ్మ ఇంకా నోరు తెరవకముందే మణెమ్మ పిలిచింది. మంద మొత్తం తలలెత్తింది. కదిలింది. చెట్ల మీది పిల్లలు దబదబా దూకి పరుగెత్తుకొచ్చి, మణెమ్మను చూసి తెల్లబోయి, పంతులమ్మ ఏదని అడిగారు. మణెమ్మ గర్వంగా గురువు వైపు చూసింది.

ఈదమ్మ ఆమెను చూడలేదు. దిగువకు, లోయ వైపు చూస్తోంది.

"యాడ నేర్చినవ్?"

"గుడ్డిలోయల, పంతులమ్మా."

"ఎవరు విన్నరు?"

"ఎవ్వరు లేరు. బండ ఒక్కటే."

ఈదమ్మ లేచి, దారిలో అందిన ఆవులన్నిటి వీపులూ నిమురుతూ దొడ్డి దాకా నడిచింది. మెచ్చుకోలు మాట కోసం చూసిన మణెమ్మకు అది కొంచెం మింగుడు పడలేదు. ముసలితనం కదా, అసూయ పుట్టి ఉంటుందిలే అని సరిపెట్టుకుంది. ఆ ఆలోచన వచ్చినందుకు ఆ తర్వాత చాలాకాలం ఆమె సిగ్గుపడింది.

ఆ ఏడు చలి పోతూ పోతూ ఈదమ్మ గొంతును తీసుకుపోయింది. దగ్గు తగ్గింది, గొంతు రాలేదు. గుసగుస మాత్రం మిగిలింది. దొడ్డి పక్కన గుడిసెలో మంచం మీద పడుకుని ఉండేది. మందా బడీ మణెమ్మ చేతికొచ్చాయి. నీ గొంతు వింటుంటే ఈదమ్మ పడుచుదైనట్టు ఉందమ్మా అని పెంటలో అందరూ అనేవాళ్ళు. అచ్చంగా అదే, తేడా ఏం లేదు అనేవాళ్ళు. మణెమ్మ ఆ మాటను వక్కపలుకులా బుగ్గన పెట్టుకుని తిరిగేది.

కొన్నాళ్ళు బాగానే గడిచింది.

ఒక మధ్యాహ్నం పిల్లలకు తీసివేతలు చెబుతుండగా మేస్తున్న గొడ్లన్నీ ఒకేసారి ఆగిపోయాయి. అన్నీ ఒకే వైపు తిరిగి నిలబడ్డాయి. మెడలో గంటలు కూడా మోగలేదు. మణెమ్మ చెవులు రిక్కించింది. దిగువ నుంచి, చాలా దూరం నుంచి, పిలుపు వినబడింది.

సన్నగా లేచింది. బరువెక్కింది. తెగిపోయింది.

ఎవరో గొల్లపిల్ల ఆటపట్టిస్తోందనుకుంది. మరో రోజు, పొద్దు వాలుతుండగా, ఆమె పిలవాలని నోరు తెరిచేలోగా అదే ముందు పిలిచింది. మంద దిగువకు నాలుగడుగులు వేసింది. మణెమ్మ గబగబా తానూ పిలిచింది. కొన్ని వెనక్కి వచ్చాయి. కొన్ని నిలబడిపోయి ఇటొకసారీ అటొకసారీ చూశాయి. నల్లపొడల పెయ్య ఒకటి మాత్రం ఆగకుండా నడిచి పొదల్లోకి పోయింది. మర్నాడు ఊరి మగవాళ్ళు కర్రలు పట్టుకుని లోయ దాకా పోయి వెతికారు. పులి అడుగు లేదు. నెత్తురు చుక్క లేదు. పెయ్య గిట్టల జాడ ఎదురు బండ దాకా ఉంది, అక్కడి నుంచి ఎటూ లేదు.

బక్కయ్య అనే పెద్దగొల్ల ఒకడు తిరిగి వస్తూ మణెమ్మతో అన్నాడు: "పెయ్య పోతే పోయింది బిడ్డా. పిల్లలు పైలం."

ఆయన మనవరాలు నీల కూడా ఆ బడిలోనే ఉంది. ఒకటో తరగతి. నోట్లో బలపం పెట్టుకుని నమిలే పిల్ల. ఆ మాటన్న మూడో నాడో నాలుగో నాడో, పాఠం నడుమ నీల లేచి నిలబడింది. పలక సంచిలో పెట్టుకుంది. దిగువకు నడక మొదలుపెట్టింది.

"యాడికే?" అన్నది మణెమ్మ.

"పంతులమ్మ పిలుస్తున్నది గద."

"పంతులమ్మ గుడిసెల పండుకున్నది. నేను ఈడనే ఉన్న. ఎవరు పిలిచిన్రు నిన్ను?"

నీల ఆగి, ఆమె ముఖంలోకి చూసింది. "నువ్వే గద పిలిచినవ్" అన్నది.

మణెమ్మ ఆ పిల్ల రెక్క పట్టుకుంది. నీల ఏడవలేదు, గింజుకోలేదు. పట్టుకున్నంత సేపూ కాళ్ళు మాత్రం కదుపుతూనే ఉంది. ఆ పూట పిల్లలందరినీ ఒకరి చేయి ఒకరికి పట్టించి ఇళ్ళకు తోలుకుపోయింది. ఏ పిల్లా తన ఆవు తోక పట్టుకోలేదు. ఊళ్ళో తల్లులు గుమ్మాల్లో నిలబడి ఉన్నారు. రేపటి నుంచి పంపమమ్మా అని ఇద్దరు ముఖం మీదే చెప్పేశారు.

ఆమె నేరుగా గుడిసెకు పోయి మంచం పక్కన నేల మీద కూలబడింది. లోయ సంగతి, బండ తనకు నేర్పిన సంగతి, పెయ్య, నీల, అంతా చెప్పింది.

"బడి పోతది పంతులమ్మా. మంద పోతది. పిల్లలు పోతరేమో. నాకు ఇంక గట్టిగ పిలిచే ఉపాయం చెప్పు. దాన్ని మించి ఎట్ల పిలువాలె?"

ఈదమ్మ కప్పు మీది నుంచి చూపు తిప్పి ఆమె వైపు ఒత్తిగిల్లింది.

"దాన్ని మించా?" అన్నది గుసగుసగా. "అది పలికేది ఎవరి పిలుపు?"

"నీదే."

"నువ్వు పలికేది?"

అదీ నీదే అన్న మాట మణెమ్మ నాలుక చివరి దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. "రేపు నన్ను వాలు కాడికి మోసుకపోండ్రి" అన్నది ఈదమ్మ.

మర్నాడు బక్కయ్యా ఇంకొక గొల్లా మంచాన్ని భుజాల మీద ఎత్తుకుని తెచ్చి వాలు మీద దించారు. పిల్లలు తక్కువగా వచ్చారు. నీల వచ్చింది, తాత రావద్దన్నా వినకుండా వచ్చిందట. ఈదమ్మ దిండుకు ఆనుకుని కూర్చుని, వచ్చిన పిల్లలందరి చేతా వరసగా చదివించుకుంది. తప్పు చదివిన వాళ్ళ చెవి పట్టుకుంది. పొద్దంతా ముఖంలో ఏ దిగులూ లేదు. మణెమ్మ మాత్రం నీడలు సాగుతున్న కొద్దీ లోయ వైపే చూస్తూ, అన్నం మూట విప్పకుండానే ఉండిపోయింది.

పొద్దు కొండ మీదికి వాలింది. గాలి ఆగింది. పిట్టలు కూడా నోరు మూసుకున్నాయి.

దిగువ నుంచి పిలుపు వచ్చింది.

ఈసారి దూరం నుంచి కాదు. లోయ నోటి దగ్గరే, ఆ మొదటి పొదల వెనక నుంచే వచ్చినట్టుంది. మంద మొత్తం ఒక్కసారే అటు తిరిగింది. నీల లేచి పలక సర్దుకుంది. ఆ పిల్ల పక్కన సాయిలూ, ఇంకో పిల్లా లేచారు. బక్కయ్య మనవరాలి పేరు పెట్టి అరిచాడు. నీల వినబడనట్టే నడిచింది.

మణెమ్మ గుండె నిండా గాలి పీల్చి పిలిచింది. ఒక్క లోపం లేకుండా, ఈదమ్మ పిలిచినట్టే పిలిచింది. మంద సగంలో ఆగింది. దిగువ నుంచి మళ్ళీ అదే వచ్చింది. మణెమ్మ మళ్ళీ పిలిచింది. రెండు గొంతులూ ఒక్కటే. ఏది ముందో ఏది వెనకో తెలియకుండా అల్లుకుపోయాయి. నడుమ చిక్కిన గొడ్లు ఒకదాన్నొకటి తోసుకున్నాయి. లేగలు తల్లుల కోసం అరిచాయి. పిల్లలు ఒక అడుగు ఇటు, రెండడుగులు అటు వేస్తున్నారు. మణెమ్మ మూడోసారి గాలి పీల్చుకుంది.

ఆమె నోటి మీద ఒక చెయ్యి పడింది. ఎముకలే మిగిలిన చెయ్యి, చల్లగా ఉంది. ఈదమ్మ ఎప్పుడు మంచం దిగిందో, ఎలా నిలబడిందో ఎవరూ చూడలేదు.

ఆ చెయ్యి నెమ్మదిగా తీసింది. కొత్తగా బడిలోకి వచ్చి బెదిరిపోయి నిలబడ్డ పిల్లను అడిగినట్టు అడిగింది.

"నీ పేరేంది?"

మణెమ్మ తెల్లబోయింది. "పంతులమ్మా, పిల్లలు పోతున్నరు!"

"నీ పేరేంది?"

"మణెమ్మ."

"వినబడలే."

"మణెమ్మ!" అన్నది. అరిచింది. బొంగురుగా, ఏడుపుతో, భయంతో వచ్చింది ఆ గొంతు. బండ దగ్గర ఎన్నడూ వాడని గొంతు అది.

వాలు నడుమ నీల తల తిప్పి చూసింది.

మణెమ్మ అది చూసింది. ఇక ఆలోచించలేదు. పొద్దున్నించీ సాయంత్రం దాకా బడిలో ఏ గొంతుతో గదమాయిస్తుందో ఆ గొంతే బయటికొచ్చింది. "నీలా! ఎవరు లేవమన్నరే నిన్ను? బలపం నోట్లకెంచి తియ్యి! కూసో! సాయిలూ, నువ్వు గూడ! ఏయ్ బొల్లీ, నిన్నే, అటేం చూస్తవ్? పాలు పిండేటప్పుడు తంతవ్, పిలిస్తే రావా? తిరుగు!"

అందులో తీపి లేదు, పొడవు లేదు. నీల నోట్లోంచి బలపం తీసి, ఉన్నచోటే కూర్చుంది. మిగతా పిల్లలు ఆమె పక్కన చతికిలబడ్డారు. బొల్లి ఆవు చెవులు విదిలించి, తిట్లు తిన్న మొహంతో, నెమ్మదిగా పైకి నడక మొదలుపెట్టింది. దాని వెనక ఇంకొకటి. మంద మొత్తం గంటలు మోగించుకుంటూ మణెమ్మ చుట్టూ వచ్చి చేరింది.

దిగువ నుంచి పిలుపు మళ్ళీ వచ్చింది. ఒక్క ఆవూ తలెత్తలేదు. పిల్లలెవరూ లేవలేదు. బక్కయ్య మనవరాలిని ఎత్తుకుని ముఖం దాచుకున్నాడు.

మణెమ్మ ఈదమ్మ వైపు తిరిగింది. "పోయింది పంతులమ్మా" అన్నది. "ఇగ ఎవ్వరు పోరు."

పిలుపు ఆగలేదు. ఇంకోసారి వచ్చింది. కానీ ఇప్పుడు అది మందను పిలిచినట్టు లేదు. తొందర లేదు అందులో. చీకటి పడుతోంది, ఇక ఇంటికి రావే అని పిల్లను పిలిచినట్టుంది.

ఈదమ్మ వింటోంది. ఆ ముడతల ముఖం మీదికి మణెమ్మ ఎన్నడూ చూడని వెలుగొకటి వచ్చింది. మంచం మీది దుప్పటి తీసి భుజాన వేసుకుంది. కర్ర తీసుకోలేదు.

"యాడికి పంతులమ్మా?" అన్నది మణెమ్మ, చెయ్యి పట్టుకుని.

"బుద్ధెరిగిన కాడికెంచి నేనే పిలిచిన బిడ్డా అందర్ని" అన్నది ఈదమ్మ. "ఒక్క పొద్దన్న నన్ను ఎవ్వరు పిలువలే."

"నేను గూడ వస్త."

"బడి ఇంక ఇడువలే. పిల్లల్ని ఇడిసి వస్తవా?"

మణెమ్మ పట్టు వదిలింది. వదలడానికి ఎంత బలం కావాల్సి వచ్చిందో ఆమెకే తెలుసు.

ఈదమ్మ వాలు దిగింది. పొద్దున మంచం మీద మోసుకొస్తే వచ్చిన మనిషి, వంగిన వెన్నుతోనే, ఎక్కడా తడబడకుండా నడిచింది. మంద రెండుగా చీలి ఆమెకు దారి ఇచ్చింది. ఏ ఆవూ ఆమె వెనక పోలేదు. పొదల దగ్గర పైకొంగు ఒకసారి తెల్లగా కనబడింది.

ఈదమ్మను వెనక్కి తిప్పగల గొంతు మణెమ్మ దగ్గర ఉంది. ఒక్కసారి, అచ్చంగా అలాగే పిలిస్తే చాలు. నోరు తెరిచింది కూడా. ఛాతీ నిండా గాలి నిండింది.

నోరు మూసుకుంది. పిల్లల వైపు తిరిగి, లెండి అన్నది. ఒక్కొక్కరి చేతికీ వాళ్ళ వాళ్ళ ఆవు తోక అందించింది.